పాత సింథ్‌కి ఏ సౌండ్ కార్డు కొనాలి? ముందు దాని వీపు చూడండి

మీరడిగింది ఇదీ: పాత సింథ్ కీబోర్డు ఒకటుంది, వెనక గుండ్రటి మిడి (వాయిద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) సాకెట్లున్నాయి, కంప్యూటర్‌లో రికార్డు చేసుకోవాలి. మిడి ఉన్న సౌండ్ కార్డే కొనాలా, లేక మామూలుది కొని, విడిగా ఒక యూఎస్‌బీ మిడి కేబుల్ తగిలిస్తే సరిపోతుందా?

మిడి ఉన్నదే కొనండి. ఇన్ ఒకటి, అవుట్ ఒకటి, రెండూ అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్లే అయ్యుండాలి. "ఆ కేబుల్ చాలు, నాకు ఏళ్ల తరబడి పనిచేస్తోంది" అని కింద ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు. వాళ్లు ఒక్కో నోటు వాయించుకుంటున్నారు కాబట్టి పనిచేస్తోంది. నేనూ ఓ ఏడాదిపాటు అదే మాట అన్నాను.

నా దగ్గరున్నది యమహా డీఎక్స్7. 1983లో వచ్చిన వాయిద్యం, మిడి పుట్టిన ఏడాదే. దాని మెమరీలో 32 సౌండ్లు పడతాయి. లోపలున్న చిన్న బ్యాటరీ ఆ సౌండ్లని కాపాడుతుంది, అది చచ్చిపోతే సౌండ్లూ పోతాయి. బ్యాటరీ మార్చాలంటే మూత విప్పి సోల్డరింగ్ చెయ్యాలి. అందుకని ముందు సౌండ్లన్నీ కంప్యూటర్‌లోకి దింపుకోవాలి. ఈ పనికి మిడిలో సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ అనే సందేశం వాడతారు. వాయిద్యం తన కడుపులో ఉన్నదంతా ఒకే ధారగా కక్కేస్తుంది, మనం పట్టుకుని ఫైలుగా దాచుకోవాలి.

నా సౌండ్ కార్డుకి మిడి లేదు. మైకు బాగుంది, హెడ్‌ఫోన్ బాగుంది, మిడిదేముంది అనుకుని కొన్నాను. దానికి తోడు నడుమ చిన్న బుడిపె ఉన్న ఒక యూఎస్‌బీ కేబుల్. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు. అదే బుడిపె మీద పది పేర్లు ముద్రించి అమ్ముతారు. ఆ రాత్రి సౌండ్లు దింపాను. బుడిపె మీద లైటు చక్కగా మిణుకుమంది. ఫైలు సేవ్ అయింది. నేను చేసిందల్లా ఫైలు పేరు చూసి సంతోషపడటం. సైజు చూడలేదు.

మర్నాడు బ్యాటరీ మార్చాను. మెమరీ ప్రొటెక్ట్ (మెమరీలో కొత్తవి రాయనివ్వని తాళం) తీసేసి ఫైలు వెనక్కి పంపాను. చెక్‌సమ్ (బైట్లన్నీ సరిగ్గా వచ్చాయో లేదో చూసే లెక్క) తప్పు అంది డిస్‌ప్లే. మళ్లీ పంపాను, అదే మాట. మరో పదిసార్లు పంపాక అప్పుడు ఫైలు సైజు చూశాను: 4,071 బైట్లు. ఉండాల్సింది 4,104. ముందు 6, సౌండ్లకి 4,096, చివర చెక్‌సమ్ ఒకటి, ముగింపు ఒకటి. దారిలో 33 బైట్లు రాలిపోయాయి. వాయిద్యం మెమరీ అప్పటికే చెత్తతో నిండి ఉంది, మళ్లీ దింపుకోవడానికి అక్కడేమీ లేదు.

ఆ రాత్రంతా హెక్స్ ఎడిటర్ (ఫైల్లోని బైట్లని అంకెలుగా చూపించే ప్రోగ్రాం) ముందు కూర్చున్నాను. డీఎక్స్7లో ఒక్కో సౌండ్‌కి 128 బైట్లు, వాటిలో చివరి పది ఆ సౌండ్ పేరు. కాబట్టి ఆ అంకెల అడవిలో పేర్లు మాత్రం మామూలు అక్షరాల్లో కనబడతాయి. పేరుకీ పేరుకీ మధ్య దూరం సరిగ్గా ఉంటే ఆ సౌండ్ బతికినట్టు, మూడో ఆరో తగ్గితే పోయినట్టు. యూఎస్‌బీలో ఈ సందేశం మూడేసి బైట్ల ముక్కలుగా వెళ్తుంది, అందుకే పోయినవన్నీ మూళ్ల లెక్కలో పోయాయి. వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ బాగున్నవాటిని కోసి, పోయినచోట ఏదో ఒక సౌండ్ అతికించి, చెక్‌సమ్ కొత్తగా లెక్కగట్టి పంపాను. 25 దక్కాయి. చావు తప్పి కన్ను లొట్టపోయింది. పోయిన ఏడింటిలో ఒకటి నేను మూడు వారాలు కూర్చుని చేసుకున్న గంట శబ్దం. పేరు మిగిలింది, శబ్దం పోయింది.

తర్వాత స్నేహితుడి దగ్గర్నుంచి గుండ్రటి సాకెట్లున్న సౌండ్ కార్డు తెచ్చుకుని అదే సింథ్, అదే కంప్యూటర్‌తో మళ్లీ దింపి చూశాను. మూడుసార్లూ 4,104. నాకు ఆ సాక్ష్యం చాలు.

కోపం కొద్దీ ఆ బుడిపె విప్పి చూశాను. ఒక చిప్పు, ఒక క్రిస్టల్, రెండు లైట్లు, అంతే. మిడి ఇన్‌లో ఆప్టోకప్లర్ ఉండాలని 1983 నాటి నియమం. సంకేతం వెలుతురు రూపంలో దాటుతుంది, రెండు పరికరాలకీ కరెంటు బంధుత్వం ఉండదు. గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్ తీగలు కలిసి ఏర్పడే చుట్టు) వల్ల వచ్చే గుయ్‌మనే రొద ఆ తీగలోంచి రాకుండా ఆపేది అదే. నా బుడిపెలో అది లేదు. అయితే బైట్లు రాలింది దానివల్లనేనా, లేక ఆ చిప్పు పొడవాటి సందేశాన్ని మింగలేకపోయిందా అంటే, నా ఓటు చిప్పుకే. నోటు కొట్టడమంటే మూడు బైట్ల పని, ఎలాంటి కేబులైనా మోసేస్తుంది. నాలుగు వేల బైట్లు ఊపిరి తిప్పుకోకుండా వచ్చినప్పుడు బయటపడుతుంది దాని సంగతి. నిజానికి అది పెద్ద వేగమేమీ కాదు. మిడి వేగం సెకనుకి 31,250 బిట్లు, బైటుకి పది బిట్లు, అంటే మొత్తం 1.3 సెకన్ల పని. అది కూడా చేతకాలేదు దానికి.

ఇంకో మాట. "మిడి ఆలస్యంగా వస్తోంది, నొక్కిన చాలాసేపటికి మోగుతోంది" అని సౌండ్ కార్డుని మిడి కోసం మార్చేవాళ్లున్నారు. ఒక నోటు మిడి తీగలో దాటడానికి మిల్లీసెకను కూడా పట్టదు. ఆలస్యమంతా ఆడియో వైపు. సెకనుకి 44,100 శాంపిళ్ల రేటులో బఫర్ (శబ్దాన్ని పోగుచేసి పంపే నిల్వ) 1,024 శాంపిళ్లు పెట్టుకుంటే అక్కడే 23 మిల్లీసెకన్లు పోయాయి, 256 పెడితే ఆరు లోపే. విండోస్‌లో అయితే కార్డుకి సొంత ఏసియో డ్రైవర్ (ఆడియో ఆలస్యాన్ని తగ్గించే రకం) ఉందో లేదో చూడండి. అది లేని కార్డుకి ఎన్ని సాకెట్లున్నా ఏం లాభం? డ్రైవర్ల మాట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. పెట్టె నిక్షేపంగా ఉంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్ మారగానే తయారీదారు చేతులెత్తేస్తాడు, మనం దాన్ని అటక మీద పెట్టుకోవాలి. క్లాస్ కంప్లయంట్, అంటే తయారీదారు డ్రైవర్ లేకుండానే నడిచేది, అని రాసి ఉన్నదైతే ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

ఒకప్పుడు ఈ గొడవే లేదు. 1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ నుంచీ కార్డుకి పదిహేను పిన్నుల జాయ్‌స్టిక్ పోర్టు ఉండేది, దానికి ఓ అడాప్టర్ తీగ తగిలిస్తే మిడి వచ్చేది. అది పోయింది. ఇప్పుడేమో గుండ్రటి సాకెట్‌కి చోటు లేదంటూ హెడ్‌ఫోన్ పిన్నంత చిన్న సాకెట్ పెడుతున్నారు. అందులోనూ టైప్ ఏ, టైప్ బీ అని రెండు, తీగలు అటూ ఇటూ మార్చినవి. 2018లో టైప్ ఏనే ప్రమాణం అన్నారు గానీ అంతకుముందు అమ్ముడైనవి ఎక్కడికి పోతాయి? అలాంటి సాకెట్ ఉన్న కార్డు కొంటే దాని అడాప్టర్ పెట్టెలోనే ఉందో లేదో చూసుకోండి.

మీ సింథ్ వెనక చతురస్రపు యూఎస్‌బీ సాకెట్ కూడా ఉంటే నేను పైన చెప్పిందంతా మర్చిపోండి. నేరుగా కంప్యూటర్‌కి తగిలించి, సౌండ్ కార్డు మైకు కోసం, స్పీకర్ల కోసం చూసుకుని కొనుక్కోవచ్చు. అయితే మిడిలో శబ్దం రాదు, ఏ మీట ఎంత గట్టిగా నొక్కారన్న కబురు మాత్రమే వస్తుంది. సింథ్ శబ్దం రికార్డు కావాలంటే దాని ఆడియో అవుట్ నుంచి కార్డు లైన్ ఇన్‌పుట్‌కి వేరే తీగ కావాల్సిందే. స్టీరియో సింథ్ అయితే రెండు ఇన్‌పుట్లు దానికే సరి, మైకు కూడా కావాలంటే నాలుగున్నది చూడండి.

కార్డు వచ్చాక సింథ్ అవుట్ నుంచి కార్డు ఇన్‌కి, కార్డు అవుట్ నుంచి సింథ్ ఇన్‌కి తగిలించండి. ఇన్‌ని ఇన్‌కి తగిలించి "పనిచేయట్లేదు" అని వాపసు పంపినవాళ్లని చూశాను. తగిలించగానే పాట మొదలుపెట్టకుండా ముందు సౌండ్లు రెండుసార్లు దింపి, రెండు ఫైళ్ల సైజూ పోల్చండి. మీది ఏ మోడలో కింద రాస్తే ఎన్ని బైట్లు రావాలో చూసి చెప్తాను.