కుట్టుపెట్టె, పెరటి మడి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చాయి. బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది కనుక పూల మొక్కల గురించి అడుగుతారేమోనని చూస్తే, పూలకన్నా లంగాల గురించి అడిగినవారే ఎక్కువ. పేర్లు వేయవద్దని పలువురు కోరినందువల్ల ఊళ్ళ పేర్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి మార్గశిరంలో రెండో కాన్పు. నా పాత నూలు చీరలతో బిడ్డకు బొంత కుట్టాలని ఉంది, నా పిల్లలకు మా అమ్మ అట్లాగే కుట్టింది. కాని పసిబిడ్డకు బొంత వద్దని డాక్టరు చెప్పారని అమ్మాయి అంటోంది. నేను ఎవరి మాట వినాలి? నా చూపు కూడా మునుపటిలా లేదు. (నల్లగొండ)

జవాబు: డాక్టరు మాట వినండి, బొంత కూడా కుట్టండి. ఈ రెండింటికీ పేచీ లేదు. బిడ్డను ఏడాది నిండేదాకా వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉన్న పక్క మీదే నిద్రపుచ్చాలనీ, ఆ పక్కలో దిండ్లు, దళసరి దుప్పట్లు, బొంతలు ఏవీ ఉంచకూడదనీ పిల్లల డాక్టర్లు చెబుతారు. మెత్తటి బట్ట ముక్కు మీదికి వస్తే దాన్ని తోసేసుకునే శక్తి ఆ వయసు బిడ్డకు ఉండదు, కారణం అంతే. అందువల్ల మీ బొంత నిద్రలో కప్పడానికి కాదు, మెలకువగా ఉన్నప్పుడు కింద పరచడానికి. నూనె రాసి కాళ్ళూ చేతులూ సాగదీసేటప్పుడు, పొద్దుటి ఎండ వాకిట్లోకి వచ్చే వేళ కాసేపు బోర్లా ఆడించేటప్పుడు, చూడవచ్చిన చుట్టాలు ఒడిలోకి తీసుకునేటప్పుడు అది బాగా పనికొస్తుంది. ఈ సంగతి అమ్మాయికి ముందే చెప్పి కుట్టడం మొదలుపెడితే, ఆమె మొహమాటానికి తీసుకుని బీరువాలో దాచేయకుండా నిజంగా వాడుతుంది.

ఐదున్నర మీటర్ల చీర అంటే సుమారు 216 అంగుళాలు. 36 అంగుళాల చొప్పున కోస్తే ఆరు ముక్కలు వస్తాయి. పసిబిడ్డ బొంతకు నాలుగు పొరలు చాలు కనుక మిగిలిన రెండింటినీ పొత్తిగుడ్డలకు ఉంచుకోండి. ఎక్కువ కట్టిన చీర కూర్చునే చోట, మోకాళ్ళ దగ్గర పలుచబడి ఉంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆ చోటు తెలిసిపోతుంది. అటువంటి ముక్కలు లోపలి పొరలకు వెళ్ళాలి, గట్టిగా ఉన్నవి పైకి రావాలి. జరీ అంచు ఉంటే మొహమాటం లేకుండా కోసేయండి, జరీ పోగు లేస్తే పసి చర్మాన్ని గీరుతుంది. అద్దాలు, పూసలు, గుండీలు అసలే వద్దు. కోసిన ముక్కలను వేడినీళ్ళలో ఉతికి రెండు ఎండలు తగలనిచ్చాక, నాలుగు పొరలనూ గచ్చు మీద ముడత లేకుండా పరచి ముందుగా నడుమ నుంచి నాలుగు వైపులకూ పొడుగు టాకాలు వేయండి. చాలామంది అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వస్తారు. అప్పుడు బట్టంతా నడుమకు పోగై, ఎంత ఇస్త్రీ చేసినా పోని గుబ్బ మిగులుతుంది. టాకాలు పడ్డాక అంచులను అర అంగుళం లోపలికి మడిచి, వేలెడు దూరానికి ఒక వరుస చొప్పున కుట్టుకుంటూ పోండి. దారం మూరెడుకు మించి తీసుకోకండి, పొడుగు దారం పని తొందరగా అవుతుందనిపించి చిక్కులతో ఆలస్యం చేస్తుంది. ముడి పొరల మధ్యకు వెళ్ళేలా సూదిని పక్క నుంచి దింపండి, చేతికి తగిలే ముడి బిడ్డ వీపుకు ఇంకా ఎక్కువ తగులుతుంది.

చూపు సంగతికి వస్తే, చీర రంగుకు భిన్నమైన దారం వాడండి. లేత చీర మీద ఎర్రదారం కనబడినట్టు తెల్లదారం కనబడదు, పైగా బొంతకు అదే అందం. పగటి వెలుతురులో, గడప దగ్గర కూర్చుని, పూటకు నాలుగైదు వరుసలు చాలు. పొద్దున్నే చూపు బాగున్నవారితో ఐదు సూదులకు దారం ఎక్కించి పెట్టించుకోండి. ఐదంటే ఐదే, సాయంత్రం లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. ఈ జాగ్రత్త నాకు ఊరికే రాలేదు. మా ఇంట్లో బొంత కుడుతూ దారం లేని సూదిని దాని అంచుకే గుచ్చి పొయ్యి దగ్గరికి వెళ్ళాను, వచ్చేసరికి పాకే పిల్ల ఆ బొంత మీద కూర్చుని ఉంది. సూది దొరికేదాకా, అంటే దాదాపు గంటసేపు, ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. చివరకు రేడియోలో పనికిరాని స్పీకరు నుంచి తీసిన అయస్కాంతం దాన్ని రెండో పొరలోంచి లాగింది. అప్పటి నుంచి మా ఇంట్లో దారం లేని సూది డబ్బా బయట ఉండదు, తోక ఉన్న సూది వెతకకుండానే కనబడుతుంది.

ప్రశ్న: ఉగాది నాడు మిద్దె మీద పెద్ద గోలెంలో చిక్కుడు విత్తనం పెట్టాను. తీగ పందిరంతా అల్లుకుంది, ఒక్క పూత లేదు. యూరియా కూడా రెండుసార్లు వేశాను. మా అత్తమ్మ అది గొడ్డుతీగ, పీకెయ్యమంటోంది. పెళ్ళయి మూడేళ్ళయింది, ఇంట్లో నాకు ఈ మొక్కలే కాలక్షేపం. (జడ్చర్ల)

జవాబు: పీకకండి. మీ తీగలో లోపమేమీ లేదు, మీరు విత్తిన నెలలో ఉంది. మన పందిరి చిక్కుడు పగటి పొద్దు కురచైతే తప్ప పూతకు రాదు. ఉగాది తర్వాత పగళ్ళు పెరుగుతూ పోతాయి, అందుకే అది వేసవి అంతా, వానలంతా ఆకులే వేసింది. పాలమూరులో జూన్ 21 నాటి పగటికీ డిసెంబరు 22 నాటి పగటికీ ఉన్న తేడా సుమారు రెండు గంటలే. మనం పట్టించుకోని ఆ తేడాను చిక్కుడు పట్టించుకుంటుంది. పెద్దవాళ్ళు తొలకరికి చిక్కుడు పెట్టి సంక్రాంతికి కాయలు కోసేది ఈ లెక్క మీదే. మరో రెండు నెలల్లోపు మీ పందిరి మీద పూగెలలు లేవడం చూస్తారు. ఏడాది పొడవునా కాయలు కావాలనుకుంటే బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద చిక్కుడు రకాలు ఉన్నాయి, అవి పగటి పొడవుతో నిమిత్తం లేకుండా పూస్తాయి. రుచికి మాత్రం నా ఓటు పందిరి చిక్కుడుకే.

యూరియా ఇంక వేయకండి. చిక్కుడు వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని దానికి అందిస్తాయి, పైనుంచి మనం పోసేది ఆకులకే పోతుంది. ఇప్పుడు చేయవలసింది కత్తిరింపు. పందిరి దాటి వేలాడుతున్న కొసలను జానెడు మేర తుంచి, లోపల గాలి ఆడకుండా కమ్ముకున్న ముదురు ఆకులు తీసేసి, మొదట్లో రెండు దోసిళ్ళ మాగిన పశువుల ఎరువు వేసి మట్టి కప్పండి. గెలలు లేచాక నల్లటి పేనుబంక తప్పక వస్తుంది. చలికాలం పొద్దున కాడలకు మసి పూసినట్టు కనబడితే అదే. ముందు నీళ్ళు గట్టిగా చిమ్మి రాల్చండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. పగలు వచ్చే తేనెటీగలకు దానివల్ల ఇబ్బంది తగ్గుతుంది.

ఇక ‘గొడ్డుతీగ’ అన్న మాట సంగతి. అత్తగారు తీగ గురించే అన్నారని అనుకుందాం. పెళ్ళయి మూడేళ్ళని మీరు ఎందుకు రాశారో నేను అడగను. ఒకవేళ బిడ్డ కోసం ఏడాదికి పైగా ఎదురుచూస్తున్నట్లయితే డాక్టరు దగ్గరికి భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్ళాలి, పరీక్షలు ఇద్దరికీ ఉంటాయి, మీరొక్కరే వెళ్ళి రావడం వల్ల సగం సంగతే తెలుస్తుంది. తొలి కోత చిక్కుడుకాయలు మాత్రం అత్తగారి చేతికే ఇచ్చి కూర వండమనండి.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్ళు. ఏటా బతుకమ్మకు కుట్టించిన లంగా మరుసటి ఏటికి మడమల పైకి పోతోంది. నా పెళ్ళినాటి గద్వాల చీర ఒకటి ఉంది, దానితో మూడు నాలుగేళ్ళు వచ్చే లంగా కుట్టించవచ్చా? (దేవరకొండ)

జవాబు: కుట్టించవచ్చు, అయితే కత్తెర పెట్టే ముందు దర్జీ పక్కన మీరే నిలబడాలి. ఈ వయసులో పిల్లలు ఏడాదికి సుమారు 2 అంగుళాల ఎత్తు పెరుగుతారు, అందులో నడుము నుంచి మడమ దాకా పెరిగేది ఒకటింబావు అంగుళం చిల్లర. ముప్పావు అంగుళం లోతు టక్కు, అంటే బట్టను మడిచి కుట్టే మడత, వేస్తే అది ఒకటిన్నర అంగుళం బట్టను లోపల దాచుకుంటుంది, అంటే ఏడాదికి ఒక టక్కు విప్పితే సరిపోతుంది. చీర పన్నా సుమారు 46 అంగుళాలు ఉంటుంది, మీ పాప లంగాకు 30 లోపే కావాలి. దర్జీలు పైభాగం కోసేసి చేతులు దులుపుకుంటారు. కోయకముందే మూడు టక్కులకు నాలుగున్నర అంగుళాలు పట్టేయించి, ఆ తర్వాత మిగిలినది జాకెట్టుకు వాడమనండి. రెండో వైపు అంచు జాకెట్టు చేతులకు వస్తుంది.

టక్కులు ఎక్కడ పడాలన్నది ముఖ్యం. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. పట్టు మీద, జరీ మీద సూది పడితే విప్పాక ఆ చిల్లులు కనబడుతూనే ఉంటాయి, నూలు మీద పడినవి రెండు ఉతుకుల్లో పూడుకుపోతాయి. కనుక టక్కులు మూడూ అంచుకు పైన, నూలు భాగంలో, లోపలి వైపుకు, మిషన్ మీద పొడుగు కుట్టుతో వేయించండి. లోపలి అస్తరు బట్టను కుట్టకముందే తడిపి ఆరబెట్టండి, లేకపోతే మొదటి ఉతుకులోనే అది కురచై లంగాను పైకి లాగుతుంది. అస్తరుకూ టక్కులు వేయించాలన్నది చాలామంది మరచిపోతారు. జాకెట్టుకు పక్కకుట్లలో ఒకటిన్నర అంగుళం వదిలించండి. పదేళ్ళు దాటాక ఎదుగుదల ఒక్కసారిగా అందుకుంటుంది, నాలుగో ఏటికి ఈ లెక్క తప్పితే దర్జీని అనకండి.

ప్రశ్న: బోరు నీళ్ళు పోస్తుంటే కుండీల అంచులకు తెల్లటి పొర కడుతోంది, కరివేపాకు పసుపుపచ్చగా మారుతోంది. ఇంట్లో కోడలు గర్భిణి, ఆ నీళ్ళనే కాచి ఇస్తున్నాం. సరిపోతుందా? (మునుగోడు)

జవాబు: రెండో ప్రశ్నకే ముందు జవాబు. సరిపోదు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండకూడదు, మీ ప్రాంతపు బోర్లలో అంతకు మించి ఉండడం కొత్త సంగతి కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. అయితే అది నీటిని పరీక్షించి మోతాదు కట్టి చేయవలసిన పని, ఇంట్లో చెంచా లెక్కన చేయవద్దు. కోడలికి తాగడానికీ, వంటకూ మిషన్ భగీరథ నల్లా నీళ్ళే పట్టి ఉంచండి.

కుండీల మీది తెల్లపొర నీటిలోని లవణాలు. కరివేపాకు ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపుపచ్చగా మారితే, ఆ ఉప్పు మట్టిలో వేళ్ళకు ఇనుము అందడం లేదని అర్థం. వాన పడినప్పుడు కుండీలను చూరు నీళ్ళు పడే చోటికి జరిపి అడుగు చిల్లుల్లోంచి నీరు ధారాళంగా పోయేదాకా తడవనివ్వండి, పైమట్టి రెండంగుళాలు తీసి చలక మట్టి, మాగిన ఎరువు కలిపి నింపండి. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు కూడా నల్లా నీళ్ళవైతే మొక్కకే పోయండి.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. మనవడి అంగీకి గుండీలు రోజుకొకటి ఊడుతున్నాయి, కోడలికి ఉద్యోగం, నా భార్యకు మోకాళ్ళ నొప్పి. ఈ వయసులో మగవాడు సూది పట్టుకుంటే నవ్వుతారా? (వనపర్తి)

జవాబు: మీ ఊరి బజారులో మిషన్ల ముందు కూర్చున్నవారిలో మగవారు ఎందరో ఒకసారి లెక్కపెట్టి రండి మాస్టారూ. సూదులు కొనేటప్పుడు నంబరు పెరిగే కొద్దీ సూది సన్నమవుతుందని గుర్తుంచుకుని, కన్ను పెద్దదిగా ఉన్నది తీసుకోండి. దారం కొసను పళ్ళతో కొరకకుండా కత్తెరతో ఏటవాలుగా కోస్తే తేలిగ్గా ఎక్కుతుంది.

గుండీలు మాటిమాటికీ ఊడడానికి కారణం వాటిని బట్టకు అతుక్కునేలా బిగించి కుట్టడమే. కాజాలో దూరడానికి గుండీ కింద కాస్త ఎడం ఉండాలి. అందుకు గుండీ మీద అడ్డంగా ఒక అగ్గిపుల్ల పెట్టి, దాని మీదుగా దారం పోనిస్తూ, జంట దారంతో ఒక్కో జత చిల్లులకు నాలుగుసార్లు కుట్టండి. తర్వాత పుల్లను లాగేసి గుండీని పైకి ఎత్తితే కింద దారం వదులు కనబడుతుంది. సూదిని గుండీకీ బట్టకూ మధ్యకు తెచ్చి ఆ వదులు చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, సూదిని బట్ట వెనక్కి దించి అక్కడ ముడి వేయండి.