మొదటి క్యాంపింగ్‌కి ఏం కొనాలి, ఏం అద్దెకి తెచ్చుకోవాలి

"మేం బే ఏరియాకి వచ్చి ఆర్నెల్లయింది. జూలైలో ఆఫీసు ఫ్రెండ్స్‌తో యోసెమిటీ నేషనల్ పార్కుకి ప్లాన్ చేస్తున్నాం. బ్యాగు, టెంటు, స్లీపింగ్ బ్యాగు, స్టవ్వు అన్నీ చూసుకుంటే ఇద్దరికీ కలిపి వెయ్యి డాలర్లు దాటేలా ఉంది. అన్నీ కొనాల్సిందేనా? ఏ కంపెనీ బ్యాగు మంచిది?"

ఎండాకాలం దగ్గర పడుతోందంటే కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. అన్నీ కొనక్కర్లేదు. బ్యాగుకి కంపెనీ పేరు కంటే మీ ఒంటికి సరిపోవడం ముఖ్యం. ముందు ఫ్రెండ్స్‌ని ఒక మాట అడగండి: కారు పక్కనే టెంటు వేసుకుంటామా, లేక సామాను వీపున వేసుకుని కొండల్లోకి నడిచి వెళ్ళి అక్కడ పడుకుంటామా?

కారు పక్కనే అయితే మీకు పెద్ద బ్యాక్‌ప్యాక్ అవసరమే లేదు. బరువు కారు మోస్తుంది. ఇంట్లో దుప్పట్లు, గిన్నెలు, మడత కుర్చీలు ఏవైనా పట్టుకెళ్ళొచ్చు. పగటిపూట నడకకి 20 నుంచి 30 లీటర్ల చిన్న బ్యాగు చాలు. నడిచి వెళ్ళి పడుకునేదైతే లెక్క మారిపోతుంది. యోసెమిటీలో దానికి ముందుగా వైల్డర్‌నెస్ పర్మిట్ (అడవిలో రాత్రి ఉండటానికి పార్కువాళ్ళిచ్చే అనుమతి) తీసుకోవాలి, బ్యాగులో పెట్టే ప్రతి వస్తువునీ తూచి చూసుకోవాలి.

రెండింట్లో ఏదైనా నేను చెప్పేది ఒకటే. ఒంటిని అంటిపెట్టుకుని ఉండేవాటికి డబ్బు పెట్టండి: కాళ్ళకి బూట్లు, వీపున బ్యాగు, రాత్రి ఒంటి కింద పరుచుకునే స్లీపింగ్ ప్యాడ్. మిగతావి మొదటి రెండు మూడు ట్రిప్పులకి అద్దెకి తెచ్చుకోండి, లేదా తెలిసినవాళ్ళని అడగండి.

బ్యాగుతో మొదలుపెడదాం, ఎక్కువమంది తడబడేది అక్కడే. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళకి కొండ నడక కొత్తేమీ కాదు. కానీ అక్కడ లగేజీ కింద ఇచ్చేస్తే దేవస్థానం వాళ్ళే పైకి చేరుస్తారు, మనం చేతులూపుకుంటూ ఎక్కేస్తాం. ఇక్కడ తిండి, నీళ్ళు, ఇల్లు, పక్క అన్నీ మన వీపు మీదే. ఆ బరువు భుజాల మీద పడితే గంటలో మెడ పట్టేస్తుంది. అసలు బరువు మోయాల్సింది తుంటి ఎముక. అందుకే మంచి బ్యాక్‌ప్యాక్‌కి నడుము దగ్గర మెత్త ఉన్న వెడల్పాటి బెల్టు ఉంటుంది. ల్యాప్‌టాప్ బ్యాగుకి అది ఉండదు. ఉన్నా, సన్నటి పట్టీ బరువు మోయదు.

బ్యాగు సైజుకి మీ పొడవు కాదు, వెన్ను పొడవు చూడాలి. ఆరడుగుల మనిషికి వెన్ను పొట్టిగా ఉండొచ్చు, అయిదున్నర అడుగుల మనిషికి పొడుగ్గా ఉండొచ్చు. తల ముందుకి వంచితే మెడ వెనక కింది భాగంలో ఒక ఎముక పైకి తేలుతుంది. కొలత అక్కడ మొదలవుతుంది. తర్వాత రెండు చేతులూ నడుము మీద, తుంటి ఎముక పైఅంచున ఆనించి, బొటనవేళ్ళు వెనక వెన్ను వైపు పెట్టండి. ఆ రెండు వేళ్ళనీ కలుపుతూ ఒక గీత ఉందనుకుంటే, మెడ ఎముక నుంచి ఆ గీత దాకా ఉన్నదే మీ కొలత. ఇంట్లో ఎవరి చేతనైనా టేపుతో కొలిపించుకుని, ఆ అంగుళాల్ని కంపెనీ సైజు పట్టికతో సరిచూసుకోండి.

ఆ తర్వాత కూడా వీపున వేసుకోకుండా కొనకండి. పెద్ద అవుట్‌డోర్ షాపుల్లో బ్యాగులో వేసి చూడటానికి బరువు సంచులు ఉంచుతారు. 20, 25 పౌండ్లు వేయించుకుని షాపులోనే పావుగంట తిరగండి, మెట్లుంటే ఎక్కి దిగండి. పట్టీలు బిగించడానికీ ఒక వరస ఉంది. ముందు అన్నీ వదులు చేసి, నడుము బెల్టుని తుంటి ఎముక మీద కూర్చోబెట్టి బిగించాలి. తర్వాత భుజం పట్టీలు, ఆ పైన భుజాల దగ్గర బ్యాగుని వీపు వైపు లాగే చిన్న పట్టీలు, చివరికి ఛాతీ పట్టీ. ఇప్పుడు భుజం పట్టీ కిందికి వేలు పోనిచ్చి చూడండి. సులువుగా దూరితే బరువు నడుము మీదికి దిగినట్టే. భుజాలు కోస్తుంటే ఆ బ్యాగు ఎంత పేరున్నదైనా మీది కాదు. ఆడవాళ్ళ కోసం పట్టీల వంపు, బెల్టు ఆకారం మార్చి చేసిన మోడళ్ళు వేరుగా ఉంటాయి, వాటినీ వేసి చూడండి.

ఎన్ని లీటర్లు? ఒకటి రెండు రాత్రులకి 50 నుంచి 60 సరిపోతుంది. "ఎందుకైనా మంచిది" అని 80 తెస్తే ఆ ఖాళీని నింపకుండా ఉండలేం, మనకి తిండి దగ్గర మరీను. సామానంతా కలిపి మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదన్నది ఇక్కడివాళ్ళు పాటించే లెక్క. 150 పౌండ్ల మనిషికి 30 పౌండ్లు, అంటే పదమూడున్నర కిలోలు. అందులో నీళ్ళు కూడా కలుపుకోండి, లీటరు నీళ్ళు కిలో.

సర్దేటప్పుడు స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైన తిండి మధ్యలో వీపుకి ఆనుకుని, వానకోటు, పప్పూ బెల్లాల్లాంటి చిరుతిళ్ళు పైన. బరువు బయటివైపు ఉంటే బ్యాగు మిమ్మల్ని వెనక్కి లాగుతూనే ఉంటుంది. పైన వేసే రెయిన్ కవర్ కంటే లోపల ఒక మందపాటి చెత్త కవరు పరిచి అందులో సర్దుకోవడం నయం, రెండు డాలర్ల పని.

బూట్లు సాయంత్రం పూట కొనండి. నడిస్తే పాదాలు ఉబ్బుతాయి కాబట్టి అర సైజు పెద్దది తీసుకోండి. దిగేటప్పుడు వేళ్ళు ముందుకి తగిలాయా, గోళ్ళు నల్లబడతాయి. కొన్నవాటితో కనీసం రెండు వారాలు ఊళ్ళో నడిచి, తర్వాతే కొండకి వేసుకెళ్ళండి.

ఇక రాత్రి. స్లీపింగ్ బ్యాగుకి డబ్బంతా పోసి కింద యోగా మ్యాట్ వేసుకునేవాళ్ళని చూస్తుంటాను. చలి పైనుంచే కాదు, కింద నేల నుంచీ వస్తుంది. మీ బరువుకి బ్యాగు అడుగుభాగం నలిగిపోతుంది కాబట్టి ఆ వైపు అది వెచ్చదనం ఇవ్వలేదు. ఆ పని ప్యాడ్‌ది. ప్యాడ్ మీద ఆర్-వాల్యూ అని ఒక అంకె ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే నేల చలిని అంత ఆపుతుంది. యోసెమిటీ ఉన్న సియెరా కొండల్లో వేసవికి 3 చుట్టుపక్కల, చలి ఎక్కువ వేసేవాళ్ళకి 4 చూసుకోవచ్చు. యోసెమిటీలోని టువాలమీ మెడోస్ 8,600 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ జూలైలో కూడా తెల్లవారుజామున 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగడం మామూలే. స్లీపింగ్ బ్యాగు మీద "20 డిగ్రీలు" అని పెద్దక్షరాల్లో ఉంటే చాలాసార్లు అది తట్టుకోగల హద్దే తప్ప సుఖంగా నిద్రపట్టే లెక్క కాదు. లేబుల్ మీద కంఫర్ట్ అని విడిగా వేసిన అంకె చూడండి. ఇంటినుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ ఉందా? తప్పకుండా పెట్టుకోండి, స్లీపింగ్ బ్యాగులో అంతకి మించింది లేదు.

జీన్సు, కాటన్ టీషర్టులు మాత్రం వద్దు. కాటన్ చెమటో వానో పీల్చుకుంటే ఆరదు, తడిబట్టలతో సాయంత్రం గాలికి నిలబడితే వేసవిలోనే ఒళ్ళు చల్లబడిపోయే ప్రమాదం ఉంది. జిమ్‌కి వేసుకునే పాలియెస్టర్ బట్టలు, ఉన్ని సాక్సులు, పైన ఒక ఫ్లీస్, ఒక వానకోటు చాలు.

అద్దె సంగతి. ఎమ్మెస్ చదువుతున్నవాళ్ళు ముందు యూనివర్సిటీ రిక్రియేషన్ సెంటర్‌లో అడగండి. చాలా యూనివర్సిటీలు టెంట్లు, బ్యాగులు, ప్యాడ్లు విద్యార్థులకి చాలా తక్కువకి అద్దెకిస్తాయి. అవుట్‌డోర్ సామాను అమ్మే ఆర్‌ఈఐ కూడా తన షాపులు కొన్నిటిలో అద్దెకిస్తుంది. అది 1938 నుంచి ఉన్న సహకార సంఘం. 30 డాలర్లు ఒక్కసారి కడితే జీవితాంతం సభ్యత్వం. సభ్యులకి కొన్నవి తిరిగి ఇవ్వడానికి చాలా వస్తువుల మీద ఏడాది గడువుంటుంది. జనం తిరిగి ఇచ్చినవాటిని తక్కువ ధరకి అమ్ముతారు కూడా. కొత్తవాళ్ళు బ్యాగు అక్కడ వెతుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం. టెంటు అద్దెకి తెచ్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: "నలుగురికి" అని రాసి ఉన్న టెంట్‌లో నలుగురు పక్కపక్కన ఇరుక్కుని పడుకోవాలి, సామానుకి చోటుండదు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలైతే ఆరుగురి టెంటు అడగండి.

ఇక మనవాళ్ళు అసలు ఊహించని విషయం, ఎలుగుబంట్లు. యోసెమిటీలో నడిచి వెళ్ళి రాత్రి అక్కడ పడుకునేవాళ్ళు తిండిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, అంటే బేర్ క్యానిస్టర్‌లో, పెట్టుకోవడం తప్పనిసరి. దాన్నీ అద్దెకిస్తారు. ఖాళీ డబ్బానే కిలో పైన తూగుతుంది, బ్యాగు కొనేముందు అది లోపల పడుతుందో లేదో చూసుకోండి. కారు క్యాంపింగ్ అయితే అక్కడ టెంటు వేసుకునే ప్రతి సైటులోనూ ఇనప లాకర్ ఉంటుంది. రాత్రి కారులో తిండి వదిలేస్తే తలుపు పీకేసిన ఎలుగులున్నాయి. తిండంటే అన్నం కూరలే కాదు, వాసన వచ్చేదల్లా తిండే. ఆవకాయ సీసా, టూత్‌పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్, పిల్లల బిస్కెట్ పొట్లం అన్నీ లాకర్‌లోకే. ఆవకాయ గాజు సీసాలో కాకుండా చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, దాన్ని రెండు జిప్ కవర్లలో పెట్టండి. నూనె కారి స్లీపింగ్ బ్యాగుకి అంటిందంటే ఆ రాత్రి దాన్ని లాకర్‌లో పెట్టలేరు, పక్కన పెట్టుకుని పడుకోలేరు. ఎలుగు మీదికొస్తే కొట్టే ఘాటైన బేర్ స్ప్రే యోసెమిటీలో నిషేధం. గ్రిజ్లీ ఎలుగులుండే యెల్లోస్టోన్, గ్లేసియర్ పార్కుల్లో మాత్రం అది చేతికి అందేలా ఉంచుకోమని పార్కువాళ్ళే చెబుతారు.

వంట గురించి కూడా. 8,600 అడుగుల ఎత్తున నీళ్ళు 91 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి. కుక్కర్ లేకుండా అక్కడ కందిపప్పు ఉడకదు, గ్యాస్ అయిపోతుంది. మొదటి పూటకి ఇంటి దగ్గర కలిపిన పులిహోర. తర్వాతి పూటలకి రవ్వ వేయించి, పోపు పెట్టి, ఉప్పు కలిపి కవర్లో వేసుకోండి. మరిగే నీళ్ళు పోసి మూతపెడితే అయిదు నిమిషాల్లో ఉప్మా. అటుకులతోనూ అంతే. చలిగా ఉందనో వాన పడుతోందనో టెంటు లోపల స్టవ్ వెలిగించి టీ పెట్టుకోవద్దు. ఎంత చిన్న మంటైనా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. టెంటు బట్ట అంటుకునే ప్రమాదం సరేసరి.

విమానంలో వెళ్ళేవాళ్ళు గ్యాస్ సిలిండర్, బేర్ స్ప్రే చెక్-ఇన్‌లోనూ తీసుకెళ్ళలేరు. దిగాక కొనుక్కోండి. టెంటు మేకులు, నడిచే కర్రలు చెక్-ఇన్‌లో వేయండి. మంటకి కట్టెలు ఇంటి దగ్గర్నుంచి మోసుకెళ్ళకుండా అక్కడే కొనండి, పురుగులు ఒకచోటి నుంచి ఇంకో అడవికి పాకేది అలాగే.

చిన్నచిన్నవి: తలకి పెట్టుకునే లైటు మనిషికొకటి, ఫోన్ లైటు లెక్కలోకి రాదు. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ఫిల్టర్ చేసే తాగాలి. చలి రాత్రి ఆ ఫిల్టర్‌ని స్లీపింగ్ బ్యాగులో పక్కన పెట్టుకోండి, లోపలి నీళ్ళు గడ్డకడితే పాడైపోతుంది, పాడైనట్టు పైకి కనపడదు. మ్యాప్ ముందే ఫోన్లోకి దించుకోండి. ఐఫోన్ 14, ఆ తర్వాతివాటిలో సిగ్నల్ లేకపోయినా శాటిలైట్ ద్వారా సాయం అడిగే ఏర్పాటు ఉంది. ఇంట్లో ఉండగానే దాని డెమో ఒకసారి చూసుకోండి. టెక్సాస్‌లో ఉండి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్ళేవాళ్ళకి తిరుగు దారిలో బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్ తగులుతుంది. పాస్‌పోర్టు, ఐ-94 దగ్గర పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి, కారు క్యాంపింగ్‌కి. నేల మీద నుంచి లేవలేని మోకాళ్ళైతే మడత మంచం వేయండి, దిగుడు దారుల్లో చేతికి రెండు కర్రలివ్వండి. వాళ్ళ బీపీ, షుగర్ మాత్రలు మాత్రం పగటిపూట మీ చిన్న బ్యాగులో చేతికి అందేలా ఉంచండి.

బయల్దేరే ముందు వారం టెంటు పార్కులోనో వెనక దొడ్లోనో ఒకసారి వేసి చూడండి. అద్దె టెంట్లలో ఒక కర్రో నాలుగు మేకులో తక్కువుండటం తరచూ జరుగుతుంది, ఇంటి దగ్గర తెలిస్తే వెళ్ళి మార్చుకోవచ్చు.