చీగోంగ్ చేస్తే బీపీ మాత్రలు మానవచ్చా?

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. వయస్సు 63. ఆరేళ్లుగా బీపీకి మాత్రలు వాడుతున్నాను, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. మా మనవడు ఫోనులో చీగోంగ్ అనే చైనా వ్యాయామం చూపించాడు. మూడు నెలలు చేస్తే మాత్రలతో పని ఉండదని ఇరుగుపొరుగు వారంటున్నారు. మా ఒడిశాలోని చంద్రగిరిలో ఉన్న టిబెట్ లామాలు చేసేది ఇదేనా? బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు మన దేశం నుంచి చైనాకు తీసుకువెళ్లిన విద్య అన్న మాట నిజమేనా?

జవాబు: మాత్రలు మానకండి. చీగోంగ్ వల్ల బీపీ కొంత తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో కనబడిన మాట నిజమే గాని, వాటిలో అనేకం కొద్దిమందిపై జరిగినవి; పైగా తాము ఏ వ్యాయామం చేస్తున్నదీ చేసేవారికి తెలియకుండా దాచడం కుదరదు కనుక, సాధన వల్ల కలిగిన మేలు ఎంతో, నమ్మకం వల్ల కలిగినది ఎంతో విడదీయడం కష్టం. ఇంట్లో బీపీ చూసుకొని అంకెలు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. వాటిని చూసి మోతాదు మార్చవలసింది మీ వైద్యుడే.

‘చీ’ అంటే చైనా భాషలో ఊపిరి, ప్రాణశక్తి. ‘గోంగ్’ అంటే ఓపికగా చేసిన సాధనతో అబ్బిన నేర్పు. ఆరోగ్య సాధనలన్నిటికీ కలిపి ఈ పేరు స్థిరపడింది 1950ల నుంచే అయినా, విద్య మాత్రం చాలా పాతది. హునాన్ రాష్ట్రంలోని మవాంగ్‌దుయ్‌లో, క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధి నుంచి 1973లో వెలికితీసిన పట్టు వస్త్రంపై, ఒళ్లు వంచుతూ, సాచుతూ నిలిచిన 44 మంది స్త్రీపురుషుల బొమ్మలు ఉన్నాయి. బోధిధర్ముడు పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందే అవి ఆ సమాధిలో ఉన్నాయి గదా! ఆయన పేరుతో చెప్పుకునేది ముఖ్యంగా ‘యీ జిన్ జింగ్’ అనే ఒక శాఖ. ఆ శాఖకు మూలమైన గ్రంథం 17వ శతాబ్దం నాటిదని చరిత్రకారుల అభిప్రాయం. ఇక చంద్రగిరి లామాలది టిబెట్ బౌద్ధ సంప్రదాయం, దానిలోని దేహసాధన వేరు.

మీకు తగినది ‘బాదువాన్‌జిన్’. ‘ఎనిమిది జరీపట్టు తునకలు’ అని అర్థం. బరంపురం పట్టు ఎరిగిన మీ వైపు వారికి పేరులోని సొగసు వేరే చెప్పనక్కరలేదు. ఇది పావుగంటలో ముగుస్తుంది. మొదట పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, వేళ్లు పెనవేసి, ఊపిరి తీస్తూ అరచేతులను ఆకాశం వైపు ఎత్తి, వదులుతూ పక్కల నుంచి దించుతారు. రెండవది విల్లు లాగి డేగను గురిచూసినట్టు ఉంటుంది. ఇందులో గుర్రంపై కూర్చున్నట్టు కాళ్లు వంచాలి, కాని మీరు మోకాళ్లు కొద్దిగా సడలించి నిలబడితే చాలు. మూడవదానిలో ఒక చెయ్యి పైకి, ఇంకొకటి కిందికి నొక్కుతారు. నాల్గవదానిలో మెడ తిప్పి వెనక్కి చూస్తారు. తల బాగా కిందికి వంచే అయిదు, ఆరు భంగిమలను బీపీ అదుపులోకి వచ్చేదాకా పక్కన పెట్టండి. కంట్లో నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవారు వాటి జోలికే వెళ్లకూడదు. ఏడవదానిలో పిడికిళ్లు బిగించి కళ్లు ఉరుముతారు, ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. చివరిదానిలో మడమలెత్తి నేలకు దించడం ఏడుసార్లు ఉంటుంది. అరుగు స్తంభం పట్టుకొని మెల్లగా దించండి.

ప్రశ్న: వీడియో చూసి నెల రోజులుగా చేస్తున్నాను. అరచేతుల్లో వెచ్చదనం, జివ్వుమనడం తెలుస్తున్నాయి. అదే ‘చీ’ అనుకోవచ్చా? (ఒక గృహిణి, గుణుపురం)

జవాబు: చైనా వారు అలాగే అంటారు. భుజాలు సడలి, మనసు అరచేతుల మీద నిలిచినప్పుడు అక్కడికి రక్తం బాగా పారి వెచ్చబడటం మామూలే. అది రావాలని ఎదురుచూడకండి, రానినాడు సాధన చెడిందనుకోకండి. వంట చేసేటప్పుడు, పడుకున్నప్పుడు కూడా తిమ్మిరి ఉంటే షుగరు, మెడ ఎముకలు పరీక్ష చేయించుకోవాలి. ఊపిరి బిగబట్టి గంటల తరబడి కూర్చుని శక్తిని తిప్పుతున్నామనుకునే వారికి మతి చలించే ప్రమాదాన్ని ఆ సంప్రదాయమే గుర్తించి, ‘నిప్పు దారి తప్పి భూతం చొరబడటం’ అని పేరు పెట్టింది.

మీకు ఊపిరి సాధనపై ఆసక్తి ఉంటే ‘ల్యూ జి జ్యే’ మేలు. ఊపిరి తీయడానికి ఒక దారి, వదలడానికి ఆరు దారులని 6వ శతాబ్దం నాటికే తావో హోంగ్‌జింగ్ అనే చైనా పండితుడు రాశాడు. ముక్కుతో తీసుకొని, షూ, హ, హూ, స్స్, చుయ్, షీ అనే ధ్వనులతో నోటి ద్వారా నెమ్మదిగా వదులుతారు. మన ప్రాణాయామంలోని కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, ఇందులో లేదు. వీడియోలో గురువు ఎదురుగా నిలబడి చేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి, వెనుక నుంచి చూపినదాన్ని ఎంచుకోండి.