ఆ మంట కల్తీ వల్ల కాదు

ప్రశ్న: మా ఆయనకు బీపీ ఉందని మా అమ్మాయి ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె తెచ్చింది. రుచి చూద్దామని చెంచాడు నోట్లో వేసుకుంటే చేదు, మింగాక గొంతులో ఒకటే మంట, పైగా దగ్గు. కల్తీదేమో అని అనుమానం. షాపులో ఇంకా తక్కువ ధరకు లైట్ ఆలివ్ నూనె ఉంది, దానికి మార్చుకోమంటారా? సంక్రాంతికి సకినాలు దీంట్లో కాల్చుకోవచ్చా?
– ఓ గృహిణి, హన్మకొండ

జవాబు: మార్చకండమ్మా. గొంతులో మంట ఒక్కటే పెట్టి నూనె కల్తీదని అనలేం, తాజా ఆలివ్ నూనెకు ఆ ఘాటు ఉండేదే.

ఆలివ్ కాయలో ఫినాలిక్ పదార్థాలు (ఫినాల్స్) ఉంటాయి, పచ్చి కాయ అంత చేదుగా ఉండేది వాటివల్లే. కాయను నూరేటప్పుడు దానిలోని ఎంజైములు వీటిని విడగొడితే కొత్త పదార్థాలు పుట్టి నూనెలోకి దిగుతాయి. వాటిలో ఒలియోకాంతాల్ అనేదే మీకు దగ్గు తెప్పించింది. దాన్ని పట్టే గ్రాహకాలు గొంతులోనే ఎక్కువ, అందుకే నాలుక మీద మంట అనిపించదు, మింగాకే తెలుస్తుంది. ద్రవరూపంలోని ఐబుప్రోఫెన్ అనే నొప్పి మందు మింగినా ఇలాగే మండుతుందని గమనించి బోషాంప్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం కూపీ లాగితే, ఆ మందు అడ్డుకునే, వాపు తెచ్చే ఎంజైములనే ఇదీ అడ్డుకుంటుందని తేలింది. ఆ పరిశోధన 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. అలాగని మోకాళ్ల నొప్పికి నూనె తాగొద్దు, రోజుకు 50 గ్రాములు తాగినా పెద్దవాళ్లకిచ్చే ఐబుప్రోఫెన్ డోసులో పదోవంతు బలమే వస్తుంది, కొవ్వు మాత్రం 50 గ్రాములూ ఒంట్లోకి పోతుంది.

ఇక గుండె సంగతి. 2006లో యూరప్‌లో 200 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఫినాల్స్ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ఉన్న మూడు రకాల ఆలివ్ నూనెలూ వంతులవారీగా ఇచ్చి చూశారు. ఫినాల్స్ ఎక్కువున్న నూనె వాడినప్పుడు మంచి కొలెస్ట్రాల్ కాస్త పెరిగింది, ఆక్సీకరణ చెందిన (ఆక్సిజన్‌తో కలిసి పాడైన) చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గింది. రక్తంలోని కొవ్వులను ఆక్సీకరణ నుంచి కాపాడుతుందని సీసా మీద రాసుకోవాలంటే 20 గ్రాముల నూనెలో కనీసం 5 మిల్లీగ్రాముల హైడ్రాక్సీటైరోసాల్ అనే ఫినాల్, దాని సంబంధిత పదార్థాలు ఉండాలని యూరప్ నిబంధన. బీపీ మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకోవాలి, నూనె వచ్చింది కదా అని ఆపేస్తే ఊరుకునేది లేదు!

మీరు చూసిన లైట్ రకం చాలావరకు రిఫైన్ చేసిన నూనె. రిఫైనింగులో చేదు, ఘాటు, వాటితోపాటే ఫినాల్స్ కూడా దాదాపు పోతాయి. కేలరీలు మాత్రం ఒక్కటీ తగ్గవు.

సకినాలు కాల్చితే విషమేమీ కాదు గానీ, అంత ఖరీదైన నూనెను మూకుడులో పోసి కాస్తే ఫినాల్స్ చాలావరకు పోతాయి, మీ డబ్బులూ దండగ. పల్లి నూనెలోనే కానివ్వండి. నన్నడిగితే సకినాల పిండిలో కలిపే నువ్వులూ తక్కువవి కావు. వాటిలో సెసామిన్, సెసామోలిన్ అనే పదార్థాలు ఉంటాయి, నువ్వుల నూనె తొందరగా ముక్కిపోకుండా ఉండటానికి ఇవి కూడా ఒక కారణం.

ఆలివ్ నూనెను టమాటా, కీరా ముక్కల మీదో, దించిన పప్పులోనో ఒక చెంచా వేసుకోండి, మామూలుగా వాడే నూనెలో అంత తగ్గించి. సీసా పొయ్యి పక్కన పెట్టొద్దు, ఎండాకాలంలో మరీను. వెలుతురు తగలని అల్మారాలో పెట్టి, మూత తీశాక రెండు మూడు నెలల్లో అయిపోగొట్టండి. ఈసారి కొనేటప్పుడు చిన్న సీసా, ముదురు రంగుది, తయారీ తేదీ దగ్గరిది చూసి తీసుకోమని అమ్మాయికి చెప్పండి.