వేలిముద్ర పడితే ఒప్పుకున్నట్టేనా?

అనంతపురం పల్లెల్లో రైతు కుటుంబాల మానసిక ఒత్తిడి మీద పీజీ ప్రాజెక్ట్ చేస్తున్నాను, అంగీకార పత్రం మీద సంతకం తీసుకుంటే నా బాధ్యత తీరినట్టేనా అని అడిగారు. తీరదండి. నేను తప్పు చేశాకే తెలుసుకున్నాను.

చదువుకునే రోజుల్లో కళ్యాణదుర్గం వైపు ఒక ఊరికి వెళ్లాను. బోర్లు ఎండిపోయి, వేరుశనగ చేతికి రాక, అప్పుల్లో భర్తను పోగొట్టుకున్న ఒకావిడ. ఫారం చదివి వినిపించాను, వేలిముద్ర వేసింది. గంటసేపు చెప్పుకుని ఏడ్చింది. నేను లేస్తుంటే అడిగింది: "డబ్బులు ఎప్పుడు పడతాయి సారూ?"

ఎక్స్‌గ్రేషియా కోసం రాసుకుంటున్నానని అనుకుంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి నేనెవరో విడమర్చి చెప్పాను. "అయితే నా మాటలు రాయొద్దు నాయనా" అంది. ఆ కాగితాలు ఆమె ముందే చించేశాను.

1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో సైకాలజిస్ట్ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల గురించి మీరు చదివే ఉంటారు. పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ పెంచుతూ ఇవ్వాలి. కోటు వేసుకున్న పరిశోధకుడు కొనసాగించమంటే, 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. షాకులు ఉత్తవని వాళ్లకు తెలియదు. పెద్దమనిషిలా కనిపించేవాడికి కాదని చెప్పడం అంత కష్టం. మన చేతిలో ఫైలు చూసినా పల్లెల్లో అదే జరుగుతుంది.

అందుకే మొదటి మాటే ఇలా చెప్పండి: "నేను గవర్నమెంటు మనిషిని కాను, దీనివల్ల డబ్బులు రావు, చెప్పకపోయినా మీకు వచ్చేవి ఆగవు." ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించుకోండి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని, చదవడం వచ్చిన సాక్షి ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. సర్పంచ్‌ను మాత్రం కూర్చోబెట్టకండి, ఆయన ముందు ఎవరూ వద్దనలేరు.

డిప్రెషన్ అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల ఫారం పీహెచ్‌క్యూ-9 వాడుతుంటే, అందులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. అవునంటే టిక్కు పెట్టి ముందుకు పోకూడదు, ఫారం పక్కన పెట్టి మనిషితో మాట్లాడాలి. ఎవరి దగ్గరికి పంపాలో ఊరికి వెళ్లకముందే సైకియాట్రిస్టుతో మాట్లాడి పెట్టుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఇంట్లోవాళ్లకో డాక్టరుకో చెబుతానని మొదట్లోనే చెప్పండి, అన్నీ రహస్యమని మాటివ్వకండి.

పేరు తీసేస్తే చాలనుకోకండి. "మూడు బోర్లు వేసి భర్తను పోగొట్టుకున్న ఇద్దరు పిల్లల తల్లి" అని రాస్తే ఆ మండలంలో ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు.