ఎంఎస్సీ ఆర్గానిక్ తర్వాత పీహెచ్‌డీ చేయాలంటే బాగా తెలివి ఉండాలా?

తెలివి సంగతి తర్వాత, ముందు పైపు సంగతి చెప్తాను.

మీరు అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు: అక్కర్లేదు. నేనే సాక్ష్యం. గుంటూరు జిల్లా నుంచి 2016లో బెంగళూరు వచ్చి ఒక ల్యాబ్‌లో చేరాను (పేరెందుకులెండి), ఆరేళ్లకి బయటపడ్డాను. ఎంఎస్సీలో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు జీడిమెట్లలో, పాశమైలారంలో ఫార్మా ఉద్యోగాల్లో చేరిపోయి, నేను ఇంకా ల్యాబ్‌లో కాలమ్‌లు (పదార్థాలని విడదీసే గాజు గొట్టాలు) వేసుకుంటున్న రోజుల్లోనే ఇంటి లోన్లు కూడా పెట్టేశారు. అదీ తెలివే మరి.

నా పని మొక్కల్లోంచి కొత్త పదార్థాలు వేరు చేయడం. రెండో ఏడాది ఉత్తరేణి వేళ్లు తీసుకున్నాను. వినాయక చవితి పత్రిలో వేస్తామే, అదే. మా నాయనమ్మ దాని పుల్లతోనే పళ్లు తోముకునేది, ఎనభై దాటాక కూడా జంతికలు కొరికింది, కాబట్టి అందులో ఏదో ఉందని నాకు గట్టి నమ్మకం. వేళ్లు ఎండబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి, రోటావాప్ (ద్రావకాన్ని ఆవిరి చేసే యంత్రం) మీద ఆ మిథనాల్‌ని లాగేస్తే అడుగున పాకంలాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని సిలికా కాలమ్ మీదకి ఎక్కించి, పైనుంచి హెక్సేన్ అనే ద్రావకం, కొంచెం కొంచెంగా ఇథైల్ ఎసిటేట్ అనే ఇంకోటి పోస్తూ, కింద టెస్ట్‌ట్యూబులు మారుస్తూ ఉండాలి. రెండు రోజులు నిలబడి నిలబడి కాళ్లు పట్టేశాయి.

అప్పుడు దొరికింది. టీఎల్‌సీ ప్లేటు (ట్యూబులో ఎన్ని పదార్థాలున్నాయో చూపించే పలక) యూవీ లైటు కింద పెడితే ఆకుపచ్చగా మెరిసే పలక మీద కందిగింజంత నల్లచుక్క, ఒకే ఒక్కటి, పక్కన చెత్తేమీ లేదు. ఆ ట్యూబులన్నీ కలిపి ఆరబెడితే 18 మిల్లీగ్రాముల రంగులేని నూనె వచ్చింది. అణువు నిర్మాణం చూపించే ఎన్‌ఎంఆర్ యంత్రం మీద జూనియర్లకి ఎప్పుడూ రాత్రి స్లాట్లే పడేసేవారు, నాది రెండు గంటలకి. వచ్చిన స్పెక్ట్రమ్‌లో 7.7 దగ్గర, 7.5 దగ్గర చక్కగా రెండు జతల పీక్‌లు (గీతలో లేచిన శిఖరాలు), 4.2 దగ్గర ఇంకొన్ని, కింద కొవ్వులాంటి గొలుసు. మర్నాడు మాస్ (అణువు బరువు) తీస్తే 391. టీ కొట్టు బిల్లు వెనక నిర్మాణం గీసుకున్నాను. పేరు కూడా అనుకున్నాను, మొక్క పేరూ నాయనమ్మ పేరూ కలిసొచ్చేలా. పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేసి "నాన్నా, కొత్త పదార్థం దొరికింది" అని చెప్పేశాను. గ్రూప్ మీటింగ్‌లో మా గైడ్ కూడా తలూపి ఇంకా ఎక్కువ తియ్యి అన్నారు. ఇంకో రెండు కిలోల వేళ్లు తెప్పించాను. మూడు వారాలు అలా గాల్లోనే తిరిగాను.

మా ల్యాబ్‌లో నెల్లూరు అక్క ఒకావిడ ఉండేది, తమ్ముడి పెళ్లికి వెళ్లి అప్పుడే తిరిగొచ్చింది. నా స్క్రీన్ వైపు అలా చూసి, పూతరేకుల డబ్బా బల్ల మీద పెట్టి అడిగింది.

"ఏరా, డ్రమ్ములోంచి హెక్సేన్ దేంతో తీస్తున్నావు?"

"పైపుతో అక్కా."

"ఆ పైపు ఒకసారి వంచు."

వంగలేదు. కొన్నప్పుడు వేలికి చుట్టుకునేంత మెత్తగా ఉన్న పారదర్శకమైన పీవీసీ పైపు, కందికంపలా బిగుసుకుపోయి ఉంది. రోజూ దాన్నే పట్టుకున్నాను, ఇలా ఎందుకయిందని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఇలాంటి పీవీసీ మెత్తగా ఉండటానికి అందులో థాలేట్ జాతి ప్లాస్టిసైజర్ (మెత్తబరిచే పదార్థం) కలుపుతుంటారు. హెక్సేన్ దాన్ని శుభ్రంగా కడిగి తీసుకెళ్లిపోతుంది. వాటిలో బాగా వాడే డీఈహెచ్‌పీ అణువు బరువు 390, మాస్ యంత్రంలో ఒక ప్రోటాన్ కలిస్తే 391. "నువ్వు ఉత్తరేణిని కాదురా, పైపుని పిండావు" అంది అక్క.

ఆ సాయంత్రమే మొక్క ఏమీ లేకుండా, అదే పైపుతో ఒక లీటరు హెక్సేన్ తీసి ఆరబెట్టాను. గంటన్నర పని. అవే 7.7, 7.5. దీన్నే బ్లాంక్ అంటారు. మొదటిరోజే అది చేసుంటే మూడు వారాలు మిగిలేవి, ఆరింటికి ఫోనూ మిగిలేది. నా లెక్కలో పరిశోధన అంటే తొంభై పాళ్లు ఈ బ్లాంకే, అంటే నన్ను నేను మోసం చేసుకుంటున్నానా లేదా అని చూసుకోవడం. తెలివైనవాళ్లకి ఇది ఇంకా కష్టం, ఎందుకంటే వాళ్లు ఏ చెత్త పీక్‌కైనా అందమైన వివరణ ఇచ్చేయగలరు.

సెల్ బయాలజీ చేసే మా రూమ్మేట్ నన్ను ఓదార్చిన తీరు కూడా చెప్పాలి. 1951లో చనిపోయిన హెన్రియెట్టా ల్యాక్స్ అనే ఆవిడ క్యాన్సర్ కణాలు, హీలా కణాలంటారు, పొరపాటున ఒక్క చుక్క పక్క డిష్‌లో పడినా అక్కడున్నవాటికంటే వేగంగా పెరిగి డిష్ అంతా ఆక్రమించేస్తాయట. వేరే వేరే కణాలనుకుని ల్యాబుల్లో పెంచుతున్నవాటిని కొన్నింటిని పరీక్షించి, వాటిలో చాలావరకు నిజానికి హీలాయేనని 1966లో గార్ట్‌లర్ అనే ఆయన బయటపెట్టాడు. "నీది మూడు వారాలే కదరా" అన్నాడు వాడు.

మన చుట్టాలకి ఇవేమీ పట్టవు. పీహెచ్‌డీ అనగానే యల్లాప్రగడ సుబ్బారావు గారిలా కావాలంటారు. సరే, ఆయన సంగతే చూడండి. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లాక ముందు చేసిందేమిటి? ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ని సరిగ్గా కొలిచే పద్ధతి, 1925లో. కండరాల్లో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం కనబడింది ఆ తర్వాత, 1927లో. ముందు కొలత, తర్వాత కొత్త వస్తువు. దీన్ని మన క్లాసుల్లో ఎవరూ చెప్పరు, నేరుగా మందుల జాబితా చదివిస్తారు.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. నేను చేరినప్పుడు జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే ఫెలోషిప్) నెలకి 25,000, 2019లో 31,000 అయింది, 2023 నుంచి 37,000, పైన ఇంటద్దె. కాగితం మీద బాగానే ఉంటుంది. నాకైతే ఒకసారి ఐదు నెలలు రాలేదు. అదే సమయంలో యలహంకలో ఇల్లు మారాలంటే ఓనరు పది నెలల అద్దె అడ్వాన్స్ అడిగాడు, మారతహళ్లిలో ఉండే మా బావ దగ్గర తీసుకున్నాను, ఆ అప్పు తీరేదాకా వాళ్లింట్లో పప్పు తిన్నా గొంతు దిగేది కాదు. కాబట్టి ఫెలోషిప్ చేతికి రాకుండా చేరకండి. చేరేముందు ఆ ల్యాబ్ సీనియర్లని, గైడ్ ఊళ్లో లేని రోజు చూసుకుని, టీకి తీసుకెళ్లండి. మొదటి టీకి ఏమీ చెప్పరు, రెండోదానికి అంతా చెప్తారు. మీ స్పెక్ట్రమ్ చూసి మొహం మీదే తప్పని చెప్పే మనిషి ఆ ల్యాబ్‌లో ఒక్కరైనా ఉన్నారో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

ఇక ఆ ఆరింటి ఫోన్. నాన్న ఆ పూటే ఊరంతా చెప్పేశాడు. పైపు సంగతి మాత్రం ఆయనకి చెప్పడానికి నాకింకా నోరు రాలేదు. మొన్న సంక్రాంతికి వెళ్తే కిళ్లీకొట్టు బాబాయి అడిగాడు, "నువ్వు కనిపెట్టిన మందు షాపుల్లోకి వచ్చిందా అబ్బాయ్?" అని. ఇంకా టెస్టింగ్‌లో ఉంది బాబాయ్ అని చెప్పి సోడా తాగి వచ్చేశాను.