పాఠకుల ప్రశ్నలు: రంగు నీళ్ళకు నానో పొడి

ప్రశ్న: మాది భూదాన్ పోచంపల్లి దగ్గర చిన్న అద్దకం షెడ్డు. నూలుకు రంగు అద్దాక మిగిలే నీళ్ళలో పటిక, సున్నం కలిపి, తేట తీసి వదులుతున్నాం. ఈమధ్య ఒకాయన వచ్చి, నానో టైటానియం పొడిని తొట్టిలో చల్లి ఎండలో ఉంచితే రసాయనాలన్నీ విరిగిపోతాయని చెప్పి, సీసాలో నీలి నీటిని మా కళ్ళముందే తెల్లగా చేసి చూపించాడు. నమ్మవచ్చునా?
— ఒక అద్దకం పనివారు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: ఆయన చూపించిన దానిలో కనికట్టు ఏమీ లేదు. టైటానియం డయాక్సైడ్ మీద కాంతి పడితే రసాయన చర్యలు జరుగుతాయన్న సంగతి 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండాలు నేచర్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంతో ప్రపంచానికంతటికీ తెలిసింది. ఈ ఖనిజానికి అనటేజ్ అనే స్ఫటిక రూపం ఒకటి ఉంది. దానిమీద సుమారు 387 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు) కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతి, అంటే అతినీలలోహిత కాంతి, పడినప్పుడు లోపలి ఎలక్ట్రాన్ ఒకటి పైస్థాయికి ఎగిరి, అది వదిలిన ఖాళీ, ఆ రేణువు ఉపరితలానికి చేరి, అక్కడి నీటి నుంచి ఆక్సిజన్, హైడ్రోజన్ గల మహా చురుకైన ముక్కను, అంటే హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. ఈ రాడికల్ ఓజోన్ కంటే బలమైన ఆక్సీకరణి కావడంతో ఎదురుపడిన కర్బన అణువునల్లా తెంచుకుంటూ పోతుంది. తగినంత సమయం దొరికితే చివరికి మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీరు, కొద్దిపాటి లవణాలు మాత్రమే.

ఈ చర్య అంతా ఉపరితలం మీదే జరుగుతుంది కాబట్టి పొడి ఎంత సన్నగా ఉంటే అంత మేలు. ఒక సెంటీమీటరు భుజం గల ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ఘనాలుగా ముక్కలు చేస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లు, అంటే సుమారు 720 గజాలు అవుతుంది. నానో అన్న మాటలోని బలమంతా ఇదే.

అయితే సీసాలో తెల్లబడిన నీటికీ, మీ తొట్టిలోని నీటికీ చాలా తేడా ఉంది. ఇటువంటి ప్రదర్శనలకు సాధారణంగా మిథిలీన్ బ్లూ అనే రంగును చాలా పలుచగా కలిపి వాడుతుంటారు. అది తేలికగా రంగు కోల్పోయే పదార్థం. పైగా కొంత భాగం విరగకుండానే పొడికి అంటుకుని అడుగుకు చేరుతుంది. నీరు తెల్లబడిందంటే రంగునిచ్చే బంధం తెగిందనో, రంగు పొడికి అంటుకుందనో అర్థం; అణువు పూర్తిగా నశించిందని మాత్రం చెప్పలేం. మీరు వాడే రియాక్టివ్ రంగుల్లో (నూలుతో రసాయన బంధం కలుపుకునే రంగులు) చాలావరకు అజో రకానివి. వాటిలో నైట్రోజన్ జంట మధ్య తెగగానే రంగు పోతుంది గాని, బెంజీన్ వలయాలు గల ముక్కలు నీళ్ళలోనే మిగలవచ్చు. తెగిన తీరును బట్టి ఆ ముక్కల్లో మూల రంగు కంటే హానికరమైన అమైన్లు అనే నైట్రోజన్ పదార్థాలు కూడా ఉండే అవకాశం ఉంది. కాబట్టి కంటి చూపును నమ్ముకోకుండా సీఓడీ, అంటే నీటిలో మిగిలిన పదార్థాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలన్న లెక్క, చూడాలి. వాగులు, చెరువుల వంటి ఉపరితల జలాల్లోకి వదిలే నీటికి కేంద్రం నియమావళిలో ఉన్న సాధారణ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు.

మీ షెడ్డు సంగతికి వస్తే, నాకు కనిపించే పెద్ద అడ్డంకి ఉప్పు, సోడా. రియాక్టివ్ రంగు నూలుకు పట్టడానికి లీటరుకు పదుల గ్రాముల ఉప్పు వేస్తారు, ఆపైన వాషింగ్ సోడా వేస్తారు. సోడా నుంచి వచ్చే కార్బొనేట్, ఉప్పులోని క్లోరైడ్, రెండూ హైడ్రాక్సిల్ రాడికల్‌ను రంగు దాకా చేరనీయకుండా మధ్యలోనే తినేస్తాయి. ఇక ముదురు రంగు నీరు కాంతిని పైపొరలోనే పట్టేస్తుంది గనుక, రెండడుగుల లోతు తొట్టిలో అడుగున ఉన్న పొడికి చేరేది చీకటే. ఎండలో అతినీలలోహిత భాగం నూటికి అయిదు పాళ్ళకు మించదు కాబట్టి ఉన్న కాస్త వెలుగునూ పోగొట్టుకోలేం. స్పెయిన్‌లోని అల్మేరియాలో ఎండతో మురుగునీటి శుద్ధి మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న పరిశోధన కేంద్రంలో నీటిని తొట్టిలో నిలువ ఉంచకుండా, వెనుక అద్దాలు అమర్చిన సన్నని గాజు గొట్టాల గుండా తిప్పడానికి కారణం ఇదే.

అందువల్ల నా సలహా ఇది. అద్దకం తొట్టి నుంచి మొదట వచ్చే చిక్కటి నీటినీ, తరువాతి జాడింపు నీళ్ళనూ కలపకుండా వేరువేరుగా పట్టండి. చిక్కటి నీటికి నానో పొడి దండగ. జాడింపు నీళ్ళకు పటిక వేసి తేర్చాక కూడా మిగిలే పలుచటి రంగు మీద అది పనిచేయవచ్చు. కొనేముందు మూడు గాజు సీసాల్లో మీ షెడ్డు నీళ్ళే పోసి పరీక్షించండి: ఒకదానిలో పొడి వేసి ఎండలో, ఇంకొకదానిలో పొడి వేసి చీకటి గదిలో, మూడవదానిలో పొడి వేయకుండా ఎండలో ఉంచండి. చీకటి సీసా కూడా తెల్లబడితే ఆ పొడి రంగును విరగ్గొట్టడం లేదు, పీల్చుకుంటోంది. అప్పుడు రంగు పట్టిన బురద మీ మెడకే చుట్టుకుంటుంది. ఎండలో పెట్టిన మొదటి సీసా ఒక్కటే తెల్లబడితే, ఆ నీటిని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపి సీఓడీ ఎంత తగ్గిందో రాయించుకోండి. అలాంటి పరీక్షకు అమ్మకందారు వెనుకాడితే బేరం అక్కడితో ఆపవచ్చు.

ప్రశ్న: భీమిలి తీరంలోని నల్ల ఇసుకలో టైటానియం ఉందంటారు కదా, దాన్నే నూరి వాడకూడదా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఆ నల్ల ఇసుకలో ఉన్నది ఇల్మనైట్, అంటే ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్. దాని నుంచి తెల్లటి టైటానియం డయాక్సైడ్ తీయడానికి గంధకామ్లంతో గాని, క్లోరిన్‌తో గాని పెద్ద కర్మాగారాల్లో శుద్ధి చేయాలి. రోట్లో నూరితే వచ్చేది కాదు. ఇనుప ఖనిజాలకు మాత్రం వేరే దారి ఉంది. 1894లో ఫెంటన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త, ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిస్తే టార్టారిక్ ఆమ్లం ఆక్సీకరణ చెందుతుందని రాశారు. అక్కడ పనిచేసేది కూడా హైడ్రాక్సిల్ రాడికలే అని తరువాతి తరాలు వివరించాయి. కరిగిన ఇనుముకు బదులు మాగ్నెటైట్, అంటే మన సూదంటురాయి ఖనిజం, నానో రేణువులుగా వాడితే వెలుగు అవసరం లేదు, పని ముగిశాక బలమైన అయస్కాంతంతో పొడిని చాలావరకు వెనక్కి లాగవచ్చు. నాకు టైటానియం కంటే ఇదే మన చిన్న పరిశ్రమలకు దగ్గరగా తోస్తుంది. పెరాక్సైడ్ ఖర్చు, పీహెచ్ 3 దగ్గరే చురుకుగా సాగడం ఇందులోని ఇబ్బందులు; అద్దకం నీరు క్షారం కాబట్టి ముందు ఆమ్లం, తరువాత సున్నం పోయక తప్పదు.

ప్రశ్న: పటాన్‌చెరు మందుల కంపెనీల వ్యర్థజలాలకు ఇది పరిష్కారమా?
— ఒక పాఠకుడు, సంగారెడ్డి

జవాబు: 2007లో ప్రచురితమైన స్వీడన్ పరిశోధకుల అధ్యయనంలో, అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. శుద్ధి కేంద్రంలో మురుగును తినేది సూక్ష్మజీవులు. యాంటీబయాటిక్ పని సూక్ష్మజీవులను చంపడం. అందువల్ల సూక్ష్మజీవుల తొట్టి చేరకముందే ఆ అణువును విరగ్గొట్టడం సబబైన ఆలోచనే, సిప్రోఫ్లాక్సాసిన్‌ను టైటానియం, ఇనుము రెండూ విరగ్గొట్టగలవు కూడా. కాని పదుల కంపెనీల ద్రావకాలు, లవణాలు ఒకేచోట కలిసిన తరువాత రాడికల్‌కు మందేదో, ద్రావకమేదో తెలియదు. దొరికినదాన్నల్లా కొరుక్కుంటూ కూర్చుంటుంది. ఏ మందు తయారయ్యే చోట ఆ నీటిని అక్కడే, ఇతర నీళ్ళు కలవకముందే ఆక్సీకరణ చేస్తేనే లెక్క కుదురుతుంది.

ప్రశ్న: ఆ పొడి చెరువులోకి పోతే చేపలకు ప్రమాదం కాదా?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఏ పొడి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇదే పనికి వాడే మరో పొడి జింక్ ఆక్సైడ్ నీటిలో కొంత కరిగి జింకును వదులుతుంది, అది నాచుకు విషం. నాచును తిని బతికే జీవాలకూ దెబ్బే. టైటానియం డయాక్సైడ్ కరగదు గాని, పొడి రూపంలో ఊపిరితిత్తుల్లోకి పోతే మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని చేర్చింది. కాబట్టి సంచి విప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ చుట్టుకుంటే చాలదు, సన్నని ధూళిని ఆపే మాస్కు ఉండాలి. గాజు పలకల మీదో, పింగాణీ పూసల మీదో పొడిని గట్టిగా అతికించి వాడే పద్ధతిలో చెరువుకు చేరే పాలు బాగా తగ్గుతుంది, శుద్ధి వేగం కూడా కొంత తగ్గుతుంది.